పాల్ ఉన్న కెమెరా

ఖానాపూర్
ఫిబ్రవరి, 1989

చిరంజీవి రాయమల్లుకు మీ బావ హనుమండ్లు నిండు దీవెనలతో రాస్తున్నాను.

ఇక్కడ నేను, మీ అక్క, కొత్తగా ఈనిన బర్రె బాగానే ఉన్నాం. షార్జాలో నీ ఏసీ మెకానిక్ పని చల్లగా సాగుతోందని తలుస్తాను.

సంగతేమిటంటే, నేనొక మాట జారాను. భూపాల్‌రావు సాబ్ బిడ్డ సరళాదేవి పెళ్లి వైశాఖంలో కుదిరింది. అబ్బాయిది హుజూరాబాద్, రైసుమిల్లు వాళ్లు. సాబ్ నన్ను పిలిచి, "ఫొటోలు నువ్వు తియ్యి హనుమండ్లూ, వీడియోకు నిర్మల్ మనిషిని పిలుస్తున్న" అన్నారు. ఆ నిర్మల్ మనిషి ఎటువంటివాడో నీకు తెలియదు. వీడియో కెమెరా భుజానికెత్తుకుంటే, పెళ్లి తనదే అన్నట్టు నడుస్తాడు. పోయిన ఏడు అతని లైటు వైరు తొక్కానని, తలంబ్రాల దగ్గర పదిమందిలో నన్ను పక్కకు నెట్టాడు. ఇరవై ఏళ్ల నుంచి ఈ ఊళ్లో పెళ్లి ఫొటోలు తీస్తున్నవాణ్ణి. ఆ మంట కడుపులో ఉండి, "ఆయనెందుకు సాబ్, మా బామ్మర్ది షార్జా నుంచి వీడియో కెమెరా పంపిస్తుండు, నేనే తీస్త" అన్నాను. ఆయన సరేనన్నారు. నిర్మల్ మనిషికి రావద్దని కబురు కూడా పంపారు.

ఇక నువ్వు పంపడం ఒక్కటే మిగిలింది. పైసల ఫికర్ పెట్టుకోకు, చిట్టీ ఎత్తాం.

ఇట్లు
నీ బావ
హనుమండ్లు

తా.క.: ఇది శంకరవ్వ రాస్తున్న తమ్మీ. నువ్వు కెమెరా పంపిస్తున్నవని మీ బావ ఊరంత చెప్పిండు. నీకు చెప్పుడే మరిచిండు. నేను యాది చేస్తె గీ ఉత్తరం రాసిండు.


షార్జా
మార్చి, 1989

బావకు, అక్కకు రాయమల్లు దండాలు. ఇక్కడ ఎండలు ముదరకముందే ఉత్తరం రాద్దామని కూర్చున్నాను.

శుక్రవారం సెలవు కదా, కెమెరాల షాపుకు పోయాను. షాపాయన మలయాళీ. నేను కెమెరా అడిగితే ఆయన పిల్లనిచ్చేవాడిలా ప్రశ్నలు మొదలుపెట్టాడు. మొదటిది, క్యాసెట్ ఏ సైజు కావాలని. అద్దెకు దొరికే సినిమా క్యాసెట్లున్నాయి చూడు, అవి పట్టేది పెద్ద కెమెరా. భుజం మీద మోయాలి. కానీ తీసిన క్యాసెట్‌ను నేరుగా వీసీఆర్‌లో పెట్టి చూడొచ్చు. ఇంకోటి ఎనిమిది మిల్లీమీటర్లదట, అరచేతిలో ఇముడుతుంది, చాలా ముద్దుగా ఉంది. దాని క్యాసెట్ మాత్రం మన దిక్కు ఏ వీసీఆర్‌లోనూ పట్టదు. చూడాలన్నప్పుడల్లా కెమెరానే వైరుతో టీవీకి కలపాలి.

రెండో ప్రశ్న దగ్గర నేను తట్టుకోలేకపోయాను. "ఇండియాకైతే పాల్ ఉండాలె, పాల్ లేకపోతె కెమెరా దండగ" అని హిందీలో అన్నాడు. పాల్ అంటే ఏమిటని అడిగితే ఏదో చెప్పాడు. ఆయన హిందీ, నా హిందీ దారిలో ఎక్కడా కలుసుకోలేదు. ఆ పాల్ సంగతి నువ్వక్కడ ఎవరినైనా అడిగి వెంటనే రాయి.

మీ
రాయమల్లు

తా.క.: అక్కా, షాపాయన కెమెరా నా దిక్కు తిప్పి టీవీలో చూపించాడు. అందులో నేను లావుగా ఉన్నాను. తిండి సరిగ్గా తినడం లేదని ఇక మీదట రాయకు.


ఖానాపూర్
మార్చి ఆఖరు, 1989

చిరంజీవి రాయమల్లుకు బావ ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. నువ్వు అప్పగించిన పని పూర్తి చేశాను.

సైజు విషయంలో ఆలోచన వద్దు. పెద్దదే కొను. ఎనిమిది మిల్లీమీటర్లది అరచేతిలో పెట్టుకుని పోతే, పెళ్లివాళ్లు నేను తమలపాకు నలుపుతున్నానని అనుకుంటారు. భుజం మీద బరువుండాలి, బారాత్‌లో నలుగురికీ కనబడాలి.

ఇక పాల్ ఆచూకీ దొరికింది. నస్పూర్‌లో ఉంటాడు, బొగ్గుబాయి పనివాళ్ల క్వార్టర్ల పక్కన రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం. బస్సుకు పోయి కలిశాను. "సార్, షార్జాల మీ పేరు చెప్తుండ్రు. పాల్ ఉంటెనే కెమెరా పనికొస్తదట" అన్నాను. ఆయన చేతిలో పని పక్కన పెట్టి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "షార్జా దాక పోయిందా నా పేరు" అన్నాడు. తర్వాత భార్యను పిలిచి ఆమె ముందు ఇంకోసారి చెప్పమన్నాడు. ఇరుగుపొరుగును పిలిచి వాళ్ల ముందు మరోసారి చెప్పించాడు. అన్నం పెట్టనిదే కదలనివ్వలేదు. పెళ్లికి కెమెరా వెంట తానే వస్తానని మాటిచ్చాడు. ప్యాంటు గుడ్డ కూడా కొనుక్కున్నాడట.

కాబట్టి పాల్ ఉన్నాడని షాపాయనకు చెప్పి, కెమెరా తీసుకో.

ఇట్లు
హనుమండ్లు

తా.క.: తమ్మీ, పాల్ అంటే పాలేమో అని నేననుకున్న. ఇంట్ల బర్రె ఉన్నది, పాలకు తక్కువ లేదు అని రాయమన్న. "నీకు తెల్వది, నువ్వూకో" అని మీ బావ నస్పూర్ పోయిండు. పాలే అయితే బస్సు కిరాయన్న మిగులుతుండె. – శంకరవ్వ


షార్జా
ఏప్రిల్, 1989

బావకు, అక్కకు దండాలు.

బావా, నీ ఉత్తరం గదిలో అందరికీ చదివి వినిపించాను. ఒకాయన నవ్వి నవ్వి మంచం మీది నుంచి కిందికి జారాడు. పాల్ మనిషి కాదు, పాలూ కాదు. హిందీ బాగా తెలిసిన ఒక హైదరాబాదీని వెంట తీసుకుపోయి షాపాయన దగ్గర అర్థం చేసుకున్నాను. విను.

మడి దున్నినట్టు టీవీలో బొమ్మను సాళ్లు సాళ్లుగా గీస్తారట. మన దేశంలో ఆరువందల ఇరవై అయిదు సాళ్లు. రంగులు కలిపే పద్ధతి ఒకటుంది, దాని పేరు పాల్. జపాన్, అమెరికా, ఫిలిప్పీన్స్ దిక్కు ఐదువందల ఇరవై అయిదే సాళ్లు, రంగులు కలిపే తీరు కూడా వేరు. దాన్ని ఎన్.టి.ఎస్.సి. అంటారు. ఆ దేశాల కెమెరాతో తీసింది మన టీవీలో పెడితే రంగు పోతుంది, బొమ్మ ఆగకుండా దొర్లుతుంది. ఒకడు దున్నిన సాళ్లలో ఇంకొకడు గొర్రు తోలినట్టే.

అందుకని పాల్ కెమెరానే, పెద్ద క్యాసెట్‌దే తీసుకున్నాను. మన రాజం సెలవు మీద ఇంటికొస్తున్నాడు. కెమెరాను కంబళిలో చుట్టి అతని చేతికిచ్చాను. బొంబాయిలో దిగి వచ్చేసరికి పెళ్లి దగ్గర పడుతుంది. కంటికి ఆనించి చూస్తే లోపల బొమ్మ నలుపు తెలుపుల్లోనే కనబడుతుంది, కంగారుపడకు. క్యాసెట్‌లో రంగులే వస్తాయి.

నస్పూర్ పాల్‌గారికి నెమ్మదిగా చెప్పు.

మీ
రాయమల్లు

తా.క.: అక్కా, పాల విషయంలో బావ కంటే నువ్వే నయం. నీ మాట తప్పయినా ఖర్చు లేని తప్పు.


షార్జా
ఏప్రిల్ ఆఖరు, 1989

బావా,

పోయిన ఉత్తరం వెనకే ఇది రాస్తున్నాను. కుశలం తర్వాత అడుగుతాను. కెమెరాను ముట్టుకోకు.

ఈరోజు షాపాయన నన్ను వెతుక్కుంటూ మా క్యాంపుకే వచ్చాడు. చూపించడానికి రెండు కెమెరాలు బయటికి తీసి, మళ్లీ పెట్టేటప్పుడు డబ్బాలు మార్చాడట. నీకొచ్చేది మనీలా పోయే ఒక ఫిలిప్పీన్స్ మనిషి కెమెరా. అది ఎన్.టి.ఎస్.సి. మన పాల్ కెమెరా అతనితో విమానమెక్కి మనీలా పోయింది. రాజం కూడా విమానమెక్కాడు. ఇద్దర్నీ ఆపేవాళ్లు లేరు.

బావా, ఆ కెమెరాతో తీస్తే రావు సాబ్ ఇంట్లో పెళ్లికొడుకు బొగ్గుబాయిలోకి దొర్లినట్టు కనబడతాడు. నీ పరువు పోతే తప్పు నాది. ఇష్టం లేకపోయినా ఆ నిర్మల్ మనిషినే పిలిపించు. నేను సెలవు దొరకగానే వచ్చి రావు సాబ్ కాళ్లమీద పడతాను.

మీ
రాయమల్లు

తా.క.: షాపాయన చాలా బాధపడ్డాడు. తప్పు చేసినందుకు నాకు ఒక ఇస్త్రీపెట్టె ఇచ్చాడు. నేను తీసుకున్నాను.


ఖానాపూర్
జులై, 1989

చిరంజీవి రాయమల్లుకు బావ హనుమండ్లు రాస్తున్నది. ఇన్నాళ్లూ జవాబు రాయక నీకు తిండి సయించకుండా చేశాను. ఏమని రాయాలో నాకే అర్థం కాలేదు.

కెమెరాను ముట్టుకోకన్న నీ ఉత్తరం పెళ్లయిన మూడో రోజున వచ్చింది. కెమెరా వచ్చింది పెళ్లికి ముందు మైలపోలు స్నానాల నాడు. పరీక్షించి చూసేందుకు వ్యవధి లేదు. ఎదురుకోలు నుంచి అప్పగింతల దాకా అంతా నేనే తీశాను. పాల్‌గారు కొత్త ప్యాంటు వేసుకుని వచ్చి లైటు పట్టుకున్నాడు. ఆయనకు నిజం చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

నీ ఉత్తరం చదువుతుండగానే రావు సాబ్ మనిషి గుమ్మంలో నిలబడ్డాడు, "క్యాసెట్ పట్టుకొని రమ్మంటుండ్రు" అని. ఉత్తరాన్ని జేబులో పెట్టుకుని పోయాను. చుట్టాలంతా హాలులో కూర్చున్నారు. టీవీ మీద కుట్టుపూల గుడ్డ కప్పి ఉంది. సాబ్ భార్య నిర్మలాదేవమ్మ ఆ గుడ్డ తీస్తుంటే నేను ముందుకు జరిగాను.

"సాబ్, జర ఒక్క మాట" అన్నాను.

"చూసినంక చెప్పు" అన్నారు.

క్యాసెట్ పెట్టారు. నేను నేలచూపులు చూస్తూ నిలబడ్డాను. కొంతసేపటికి నిర్మలాదేవమ్మ ఏడుపు వినబడింది. అయిపోయింది నా స్టూడియో అనుకుని తలెత్తాను. టీవీలో సరళమ్మ తలంబ్రాలు పోస్తోంది. తలంబ్రాలు పచ్చగా ఉన్నాయి. చీర అంచు ఎర్రగా ఉంది. బొమ్మ అద్దంలో చూసినంత నిలకడగా ఉంది. రావు సాబ్ పెళ్లిని చూడడం లేదు, టీవీనే చూస్తున్నారు.

"ఇది రంగుల టీవీయా?" అన్నారు.

వైరు బిగించే సాకుతో టీవీ వెనక్కి పోయి, నీ ఉత్తరం పక్కన పెట్టుకుని అక్షరాలు కూడబలుక్కున్నాను. ఎన్.టి.ఎస్.సి. అని ఉంది. వీసీఆర్ మీద కూడా అదే. ఓడలో పనిచేసే సాబ్ బామ్మర్ది ఆ రెండూ జపాన్ నుంచి తెచ్చాడట. తెచ్చిన నాటి నుంచి ఏది పెట్టినా బొమ్మ నల్లగా దొర్లడమే. టవర్ దూరమని ఏంటెనా పెంచారట. సినిమా క్యాసెట్లు అరిగిపోయినవి ఇస్తున్నారని అద్దెకిచ్చేవాడితో పోట్లాడారట. చివరికి గుడ్డ కప్పి దానిమీద పూలకుండీ పెట్టారు. ఆ టీవీ పుట్టి బుద్ధెరిగాక సరిగ్గా చూపించిన మొదటి బొమ్మ సరళమ్మ పెళ్లి.

కథ ఇక్కడితో ఆగితే నీకు అప్పుడే రాసేవాణ్ణి. మగపెళ్లివాళ్లు క్యాసెట్‌ను హుజూరాబాద్ పట్టుకుపోయారు. అక్కడ నువ్వు చెప్పినట్టే జరిగింది. వియ్యంకుడు మధుసూదన్‌రావు ఫోన్ చేసి, పాడయిన క్యాసెట్ ఇచ్చి మర్యాద తీశారన్నాడు. అప్పుడు నేను రావు సాబ్ పక్కనే ఉన్నాను. ఆయన నెమ్మదిగా, "మా ఇంట్ల మంచిగనే వస్తుంది బావగారూ. మీ టీవీల ఏమన్న లోపముందేమో చూపిచ్చుకోండ్రి. నమ్మకపోతె అందరు కలిసి రాండ్రి" అన్నారు. లగ్నం పెట్టుకున్ననాటి నుంచి ఆయన ఆ వియ్యంకుడి ముందు గొంతెత్తి మాట్లాడింది లేదు. ఫోన్ పెట్టేసి చిన్నపిల్లవాడిలా నవ్వారు.

వాళ్లొచ్చారు, చూశారు. ఇంటికి పోయి టీవీ మెకానిక్‌ను పిలిపించుకున్నారట. అతను ఇప్పటికి రెండుసార్లు విప్పి బిగించాడు. పెళ్లి చూడాలంటే మాత్రం వాళ్లు ఖానాపూర్ రావలసిందే. వచ్చేటప్పుడు కోడలిని వెంట తీసుకురాక తప్పదు. ఇప్పటికే మూడుసార్లు వచ్చారు.

రావు సాబ్‌కు ఒక్కరికే నిజం చెప్పాను. "ఈ ముచ్చట నీ కడుపులనే ఉండని" అన్నారు. నువ్వు సెలవుకు వచ్చేటప్పుడు మిగతా ఊరి కోసం పాల్ కెమెరా ఒకటి తీసుకురా. దీన్ని మాత్రం మార్చేది లేదు.

ఇట్లు
నీ బావ
హనుమండ్లు

తా.క.: తమ్మీ, మొన్న సరళమ్మ వచ్చినప్పుడు నేను గూడ పోయి కూసున్న. అందరు క్యాసెట్ చూస్తుండ్రు. అప్పగింతలు వస్తయనంగ ఆమెనే లేచి బంద్ చేసింది. "తల నొస్తుంది అత్తమ్మా, మిగిలింది మల్ల వచ్చినప్పుడు చూద్దాం" అన్నది. మూడుసార్లొచ్చిండ్రు, మూడుసార్లు గక్కడనే తల నొచ్చింది. – శంకరవ్వ