సింహాద్రి మాస్టారి వైరింగ్ పాఠం

దువ్వాడ, మంగళవారం.

దీవెనక్కకు బెన్సన్ వందనాలు. నేను క్షేమమేనని ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నాను. ఫోన్లు ఆఫీసులో జమ చేయించారు గనుక ఈ కార్డు.

హైస్కూళ్లలో వృత్తివిద్య చెప్పే మాకు శిక్షణ సక్రమంగా జరుగుతోంది. ఒకరు పాఠం చెబితే మిగిలిన మాస్టర్లు పిల్లలుగా నటించాలి. చెయ్యెత్తి అనుమతి పొందనిదే మాట్లాడరాదు. నిన్న సింహాద్రి మాస్టారు ఇంటి వైరింగ్ గురించి చెబుతూ స్విచ్‌బోర్డు పట్టుకుని, షాకు కొట్టి బిగుసుకుపోయారు. మేము నియమానుసారం చేతులెత్తాము.

"అచ్చం నిజంలాగే సేత్తన్నారు బావా," అని పక్కనున్న అప్పలసూరి మెచ్చుకున్నాడు.

"ఏటి సేసీది, సచ్చిపోతన్నారు బాబూ!" అంటూ గది ఊడ్చే కాశమ్మ పరుగెత్తి మెయిన్ ఆపింది. ఆమె శిక్షణ పొందలేదు.

ఆసుపత్రిలో ఆయన ఇంకా కళ్లు తెరవలేదు. ప్రదర్శన సహజంగా ఉందని పర్యవేక్షకులు అప్పటికే పదికి తొమ్మిది వేశారు. పాఠానికి ముగింపు చెప్పనందున ఒక మార్కు తగ్గింది.

నా రబ్బరు బూట్లు ఎలమంచిలి నుంచి వచ్చే ఎవరిచేతనైనా వెంటనే పంపు. అమ్మ కాలివాపు తీసిందా? వచ్చే సోమవారం అదే బోర్డుపై నా పాఠం. ఆదివారం చర్చి ప్రార్థనలో మాస్టారి పేరు చదివించు. నా పేరు ఇవ్వవద్దు; అమ్మ ముందు వరుసలో కూర్చుంటుంది.