పానాకు పెట్టిన బొట్టు

నితిన్,

నీ దవడకు తీగలు కట్టారట. ఫోన్లో మాట్లాడలేవని ఉత్తరం రాస్తున్నాను. మనముండే చాల్ భవనం మెట్ల మీద నుంచి పడ్డానని పోలీసులకు రాసిచ్చావట. ఎందుకలా రాశావు?

ట్యాక్సీ ఇంజన్‌కు పెట్రోలు కొలిచి వదిలేలా తాను తయారుచేసిన ఆ డబ్బాను మొన్న దసరాకు నట్లు బిగించే పానాల పక్కన, అమ్మవారి ముందు పెట్టింది మీ అన్నే. పూజ కాని పనిముట్టును మన ఇంట్లో ఎవరూ వాడరు. అదెలా పనిచేస్తుందో వీడియో తీసి అందరికీ పంపమని నీకు చెప్పిందీ ఆయనే. దరఖాస్తు పెట్టకముందే లోకమంతా చూసేసింది, ఇక పేటెంటు రాదని వకీలు చెప్పాడు.

మీ అన్న ఇంటికొచ్చి, వీధి చివర ఫోరస్ రోడ్డు దాకా వినబడేలా నీ మీద అరిచాడు.

"అమ్మ క్యాన్సర్ గోలీకి పేటెంటుంది, మాలిక్ ఉన్నడు! నా డబ్బాకు నన్ను మాలిక్ కాకుండ చేసినవ్ గదరా!"

"అన్నా, నువ్వే చెప్తివి గద" అని నువ్వనేలోపే పానాతో కొట్టాడు. కింద పడ్డాక కూడా కొట్టాడు. అడ్డం వచ్చిన అత్తమ్మను గోడకేసి తోశాడు. ఆ డబ్బానూ నుగ్గునుగ్గు చేశాడు.

"పెద్దోడు జైలుకు పోతె నన్ను దవాఖానకు ఎవ్వలు తోల్కపోతరు?" అని అత్తమ్మ ఏడుస్తోంది. నేను తీసుకెళతాను. నువ్వు మాత్రం మెట్ల మాట కొట్టేసి నిజం రాయి.

పానా కడగమన్నాడు. కడగలేదు. నా పాత చీరలో చుట్టి ఠాణాకు తీసుకెళ్తున్నాను. దసరాకు నేను పెట్టిన కుంకుమ ఇంకా దాని పిడి గాడిలోనే ఉంది. రెండో కొసన నీ నెత్తురుంది.

మీ వదిన