బతికుండగా రాతికెక్కిన పేరు

సమాధుల తోట ట్రస్టు కార్యదర్శి గారి సముఖమునకు,
మెరింగా గుట్ట, విక్టోరియా.
1902 అక్టోబరు.

అయ్యా,

విషయం: నా భర్త సమాధిరాతిపై గల నా పేరును తొలగించి, నన్ను నా కూతురి పక్కన పూడ్చుటకు అనుమతి కోరుట గురించి.

1. నేను కీర్తిశేషుడైన గని కూలీ కోర్నీ టూహీ పెళ్ళాన్ని. చదువు లేదు. టీచరమ్మ చేత రాయిస్తున్నాను. నా మాటను మెత్తబరచవద్దని ఆమెకు ముందే చెప్పాను.

2. మా కూతురు బ్రైడీ గొంతు జబ్బుతో పోయేనాటికి ఈ ఊళ్ళో సమాధిరాళ్ళ ఫ్యాక్టరీ లేదు. ఒక చెక్కపలక మీద నేనే మేకుతో గుండె బొమ్మ గీసి పాతాను. ఏటా సమాధుల పండుగకు దానికి సున్నం వేస్తాను.

3. తర్వాత రైలు, దాని వెనకాలే రాయి కోసే ఆవిరి రంపాలు వచ్చాయి. గని మేనేజరుకు ఉందని మా ఆయన కూడా, టోపీ ఎంచుకున్నట్టు, బొమ్మల పుస్తకంలో చూసి నల్లరాయి తెప్పించుకున్నాడు. ఇద్దరి పేర్లూ ఒకేసారి కొట్టిస్తే చవకట. నా పేరు కింద ‘మరణం 18’ అని కొట్టి, మిగతా రెండంకెలకు చోటు వదిలారు. నాకెవరూ చెప్పలేదు. ఆయన పోయాక ఇన్నేళ్ళూ, ఆ అక్షరాలన్నీ ఆయన గొప్పే అనుకుని తుడుస్తూ వచ్చాను. మొన్న టీచరమ్మ చదివితే తెలిసింది.

4. ఈ పండుగ కాగానే చెక్క గుర్తులన్నీ పీకి, అక్కడ దారి వేయవలెనని తమ ఉత్తరువట. బ్రైడీ పక్కన చోటు చూపమని సమాధుల తోట కాపరి పాస్కోను అడిగాను.

“నీకు చోటుంది కదవ్వా! పేరు కూడా పడింది.”

“పడితే చెరిపెయ్యి.”

“మిషను కొట్టింది, చెరగదు. ఆ నునుపు చూడు, నీ మొహం కనబడుతుంది.”

“నా మొహం నాకెందుకురా? అందులో పద్దెనిమిది వందలని ఉంది. ఆ వందేళ్ళూ పోయాయి, నేను పోలేదు. ఇప్పుడేం చేస్తావు?”

“పోయాక ఎవరు చూడొచ్చారులే అవ్వా.”

5. కోర్నీ మీద నాకు కోపం లేదు. బతికున్నన్నాళ్ళూ ఆయన చూపిన చోటే పడుకున్నాను, చాలు. బ్రైడీకి నాలుగేళ్ళు. చీకటంటే భయం. ఆ పలక పీకేస్తే అది ఎక్కడుందో నాక్కూడా తెలియదు. దాని మీద నుంచే నడిచిపోతాను.

కావున తాము దయతో విచారించి, పలకను ఉన్నచోటనే ఉంచి, నన్ను ఆ రాతి నుండి విడిపించవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయురాలు,
హొనోరా టూహీ
(వేలిముద్ర వేయలేదు. పలక మీద గీసిన బొమ్మే ఇక్కడా గీశాను.)

తా.క. నిన్న సుత్తి తీసుకెళ్ళాను. రాతికి గీత కూడా పడలేదు, సుత్తి పిడి విరిగింది. పాస్కో నవ్వాడు. పండుగ మర్నాటి నుంచి పలక పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాను. మీ రాతి లెక్క ప్రకారం నేను చచ్చే గడువు దాటిపోయింది గనుక, ఎన్నాళ్ళయినా కూర్చోగలను.