ఐస్ రింకు సహాయకురాలిపై నేనిచ్చిన ఫిర్యాదు అబద్ధమని ఒప్పుకొనుట

నగర క్రీడాధికారి శ్రీ ఎవరిస్తో దుమలావ్ గారి సముఖమునకు,

లంతావన్ ఇండోర్ క్రీడా సముదాయంలో తొమ్మిదేళ్లుగా శనివారం శనివారం షటిల్ ఆడు సభ్యుడు, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు హెర్మొహెనెస్ పక్లిబార్, వయస్సు అరువది ఆరు, వ్రాసుకొను అర్జీ.

విషయం: మార్చి పదునాలుగవ తేదీన ఐస్ రింకులో జరిగిన సంఘటనపై నేనిచ్చిన ఫిర్యాదును రద్దుచేసి, దాని మూలముగా ఉద్యోగము నుండి తొలగింపబడిన రింకు సహాయకురాలు లుర్దెలిన్ మగ్‌బానువాను తిరిగి నియమించుట గురించి.

అయ్యా,

సదరు ఫిర్యాదు రెండు పేజీలది. అది మిక్కిలి స్పష్టముగాను, మర్యాదగాను ఉన్నదని తమరు జవాబులో మెచ్చుకొనియున్నారు. మా పేటలో కుళాయి రాకున్నా, వీధి దీపం వెలగకున్నా అర్జీ వ్రాసిపెట్టేది నేనే. వ్రాయుట నాకు తెలిసిన విద్య. ఆ విద్యతోనే ఒక మనిషి పని పోగొట్టియున్నాను. కావున దిగువ సంగతులు తమ దృష్టికి తెచ్చుచున్నాను.

1. ఆనాడు పై అంతస్తులోని షటిల్ కోర్టులకు రంగులు వేయుచున్నందున మా ఆట రద్దయినది. మేము నలుగురము: నేను, నా బాల్యమిత్రుడు తెయోదులో, అతని తమ్ముడు, విశ్రాంత నర్సు శ్రీమతి పురింగ్ అలబాస్త్రో గారు. "ఊరికే ఇంటికెందుకు, కింద మంచు మీద జారదాం పదండి" అని తెయోదులో అన్నాడు. "మన ప్రిన్సిపాలు జపాన్‌లో నేర్చుకొచ్చాడుగా, చూద్దాం!"

2. పాతికేళ్ల క్రితం ఉపాధ్యాయ శిక్షణ నిమిత్తం నేను మూడు వారాలు జపాను వెళ్లిన మాట వాస్తవము. మంచు మీద జారుట నేర్చుకొన్న మాట అవాస్తవము. గట్టున నిలబడి వేడి టీ త్రాగియున్నాను. అయినను నేర్చుకొన్నానని పురింగ్ గారితో పలుమార్లు చెప్పియున్నాను. ఆమె భర్త పోయి ఆరేళ్లయినది. నా భార్య పోయి పదకొండేళ్లు. ఇంతకంటే వివరము తమ కార్యాలయమునకు అవసరము లేదనుకొందును.

3. రక్తపోటు నిమిత్తం నేను ప్రతి ఉదయం, మూత్రము ఎక్కువగా పోవు నీళ్ల మాత్ర వేసుకొనుచున్నాను. స్కేటు బూట్లు బిగించుకొన్న పిమ్మట మరుగుదొడ్డికి వెళ్లవలసి వచ్చినది. తాళ్లు విప్పి, మరల కట్టించుకొనుటకు నామోషీ పడి ఊరకుంటిని.

(అద్దె బూట్లు కంపు కొట్టుచున్నవని, ఎడమ గోడ వెంట పట్టుకొనుటకు కమ్మీ లేదని మొదటి ఫిర్యాదులో వ్రాసితిని. ఆ రెండును నిజములే. వాటిని మాత్రం ఉపసంహరించుకొనుట లేదు.)

4. రింకులోకి దిగిన నాలుగు నిమిషాలకే, పిల్లలు పట్టుకొని తోసే పెంగ్విన్ బొమ్మ ఒకటి దొరకబుచ్చుకొని నడి రింకు దాకా పోయితిని. పురింగ్ గారు గట్టున నిలబడి చూచుచున్నారు. చెయ్యెత్తి ఊపబోయి వెల్లకిలా పడితిని. నడుము విరిగినంత నొప్పి. ఆ నొప్పిలో అదుపు తప్పినది. నేను వేసుకొన్నది లేత బూడిదరంగు ప్యాంటు.

ఎంత మర్యాదగా వ్రాద్దామన్నను ఇక్కడ మాట దొరకుట లేదు. అయ్యా, నేను ప్యాంటులో పోసుకున్నాను. కింద మంచు రంగు మారుతోంది. చుట్టూ పిల్లలు. తెయోదులో నవ్వుతూ ఇటే వస్తున్నాడు.

5. ఆ సమయమున సదరు లుర్దెలిన్, మంచులో పడ్డ గుంటలు పూడ్చుటకు నీళ్లు కలిపిన మంచుపొడి బకెట్టుతో ఆ దారిన వచ్చుచున్నది. నన్ను చూసింది. నా కింద మంచు వైపు చూసింది. మరుక్షణం కాలు మడతపడినట్లు వంగి బకెట్టు మొత్తం నా ఒడిలో కుమ్మరించింది. "అయ్యయ్యో! క్షమించండి సార్! చెయ్యి జారింది!" అని రింకంతా వినిపించేలా అరిచింది. నన్ను లేవదీయుటకు వంగినప్పుడు మాత్రం నా చెవిలో, "ఏం కాలేదు సార్. ఇప్పుడంతా నీళ్లే. మెల్లగా లేవండి" అన్నది.

ఆమె ఎందుకు అట్లు చేసినదో నాకు అప్పుడే అర్థమైనది. ఈ వాక్యమును తమరు ప్రత్యేకముగా గమనింపగోరుచున్నాను.

6. తెయోదులో మండిపడ్డాడు. "ఏంటమ్మాయ్, కళ్లు నెత్తికెక్కాయా? ఈయనెవరో తెలుసా? హెర్మో, నువ్వు ఊరుకుంటే నేనూరుకోను. రాయి ఫిర్యాదు!" పురింగ్ గారు తన తువ్వాలు తెచ్చి నా భుజాల మీద కప్పినారు. నేను వణుకుచు, "నీకు ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేయడం రాదా?" అని ఆ అమ్మాయిని అందరిలో కసిరితిని. ఆమె తల దించుకొన్నది. ఇంటికి పోయి, వేడినీళ్లు పోసుకొని, కూర్చుని, రెండు పేజీలు వ్రాసితిని.

7. అందులో "సదరు సిబ్బంది నీళ్లు పోసిన తరువాత నవ్వినది" అని ఒక వాక్యమున్నది. తమరు దానినే ముఖ్యముగా తీసుకొన్నట్లు జవాబును బట్టి తెలియుచున్నది. ఆమె నవ్వలేదు. ఆ పేజీ చివర కాస్త ఖాళీ మిగిలితే, బలము చాలలేదనిపించి చేర్చితిని.

విచారణలో "ఎందుకు పోశావు?" అని తమరడిగితే "చెయ్యి జారింది సార్" అని మాత్రమే చెప్పినదట. రింకు పక్కన నూడుల్స్ అమ్మే ఆవిడ చెప్పగా తెలిసినది. "రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ అదే మాట. ఏం మనిషో, తన తరఫున ఒక్క ముక్క చెప్పుకోలేదు" అని ఆమె అంటుంటే తినుచున్న గిన్నె దించిపెట్టితిని.

ఇక ముందు సంగతులకు నంబర్లు వేయలేకున్నాను. క్షమించగలరు.

పోయిన మంగళవారం తెల్లవారగానే చేపల రేవుకు వెళ్లాను. ఆమె ఇప్పుడు అక్కడ పనిచేస్తోంది. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చేతిలో పార. పడవల నుంచి దిగిన తట్టల మీద ఐసు ముక్కలు ఎత్తిపోస్తోంది. నన్ను గుర్తుపట్టి పార ఆనించి నిలబడింది.

"ఏం సార్, ప్యాంటు ఆరిందా?"

పక్కన చేపలు ఏరుతున్న ఆడవాళ్లు తలెత్తి చూశారు.

"ఏంలే, మా పాత రింకు సారు" అని వాళ్లకు చెప్పి నన్ను పక్కకు తీసుకెళ్లింది.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. "అధికారి గదిలో మీరిద్దరే కదా. ఉన్నది ఉన్నట్టు చెబితే నీ పని నిలబడేది."

"చెబితే ఆయన రాసుకుంటారు. ఆఫీసులో నలుగురు చదువుతారు. మర్నాటికి నూడుల్స్ బండి దగ్గర అదే కబురు. ఇంక నేను బకెట్టెందుకు పోసినట్టు?" చేతి తొడుగు విప్పి ముఖం తుడుచుకుంది. "మా నాన్న బస్సు నడిపేవాడు సార్. ఆఖరి రెండేళ్లు ఆయనకూ ఇదే. ఒకసారి టెర్మినల్లో అందరూ చూస్తుండగా అయింది. మర్నాటి నుంచి గడప దాటలేదు. అప్పుడు నా చేతిలో బకెట్టు లేదు."

నేను ఏడ్చాను. అరవై ఆరేళ్ల మనిషిని, చేపల తట్టల మధ్య.

"నేను అంతా రాస్తాను. నువ్వెంత మంచిదానివో..."

"అది రాయకండి" అని అడ్డుకుంది. "మంచిదని పని ఇస్తే, రేపు ఒక్కరోజు ఆలస్యంగా వస్తే తీసేస్తారు. రెండేళ్లలో ఒక్క మాట పడలేదు నేను. తప్పు లేకుండా తీశారు. అది రాయండి. అది చాలు."

"నా సంగతి రాయకుండా అదెలా రాయను?"

"మీ ఇష్టం సార్. మీ పరువు, మీరే మోసుకోవాలి." మళ్లీ పార అందుకుంది.

అందుచేత ఆమె మంచితనము గురించి ఈ అర్జీలో నేను ఏమియు విన్నవించుట లేదు. తమను కోరునది ఇంతే: రెండు సంవత్సరములు మాట పడకుండా పనిచేసిన ఒక ఉద్యోగిని, ఒక అబద్ధపు ఫిర్యాదు మీద తొలగింపబడినది. ఆ ఫిర్యాదు వ్రాసినవాడే అది అబద్ధమని సంతకము చేయుచున్నాడు. ఆమెను ఆమె స్థానములో తిరిగి నియమింప ప్రార్థన. నా సభ్యత్వము రద్దు చేయదలచిన, అభ్యంతరము లేదు. ఆమె తొలగింపు ఉత్తర్వు అంటించిన ప్రవేశద్వారపు బోర్డు మీదనే ఈ కాగితమును కూడా అంటించవలెనని కోరుచున్నాను. గురువారం జరుగు తమ కమిటీ సమావేశమునకు స్వయముగా హాజరై, ఇదంతయు నోటితో చెప్పుటకు సిద్ధముగా ఉన్నాను.

తమరు చిత్తగించి, ఆలస్యము చేయకుందురు గాక.

తమ విధేయుడనని వ్రాయుటకు సిగ్గుపడుచు,
హెర్మొహెనెస్ పక్లిబార్
ఏప్రిల్ 24

తా.క.: ఈ కాగితం నిన్న పంపవలసినది. బోర్డు మీద చూసి తెలుసుకొనేకంటే నా నోటితోనే వినడం మేలని, ముందు షటిల్ కోర్టు దగ్గర మావాళ్లకు చదివి వినిపించాను. నాలుగో అంశం దగ్గర ఆగాను. కాగితం దించి, మామూలు మాటల్లో చెప్పేశాను. తెయోదులో ముందు నవ్వాడు, తర్వాత బ్యాటు బల్ల మీద పెట్టి, "ఒరేయ్, ఆ పిల్లను తిట్టింది నేను కదరా" అని తల పట్టుకున్నాడు.

పురింగ్ గారు నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. "ముప్పై ఏళ్లు వార్డులో చేశాను, హెర్మో. నువ్వు పడగానే తెలిసింది. ఆ పిల్ల కావాలనే బకెట్టు వంచడమూ చూశాను. నువ్వే చెబుతావని ఆరు వారాలు చూశాను. అలా చూస్తూ నేనూ నోరు మూసుకున్నాను" అన్నారు. తర్వాత నా చేతిలోంచి పెన్ను తీసుకున్నారు.

పైన నా సంతకం పక్కన ఉన్నది ఆమె సంతకమే. గురువారం ఇద్దరం వస్తున్నాం.