కారు తోసిందెవరు?

పాత కార్ల కార్యక్రమం దర్శకుడు గారికి,

మీరు పచ్చి అబద్ధాలకోరు. మొన్న ఆదివారం మా నాన్న కారును టీవీలో చూపించి, "తాళం తిప్పితే చాలు, గుర్రంలా దూకే రోజులవి" అన్నారు. ఆ కారు ఏనాడూ తాళానికి స్టార్టవలేదండీ! నాన్న దర్జాగా స్టీరింగు పట్టుకుని కూర్చుంటే, అమ్మ కుచ్చిళ్ళు దోపుకుని వెనకనుంచి తోసేది. కదిలాక పరుగెత్తి ఎక్కేది. ఇరవై రెండేళ్ళు ఇదే వరస.

షూటింగు రోజునా మీవాళ్ళు నలుగురు చెమటలు కక్కుతూ తోస్తేగానీ అది కదల్లేదు. ఆ నలుగురినీ కత్తిరించేసి, అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టి నవ్వమన్నారు. శ్రమ చేసినవాళ్ళను చరిత్రలోంచి లేపేయడమంటే ఇదే!

ఇప్పుడు నాన్న, "టీవీ వాళ్ళకు అబద్ధం చెప్పాల్సిన పనేమిటి? నువ్వెప్పుడు తోశావే?" అంటున్నారు. "అయితే ఆ టీవీనే వండిపెట్టమనండి" అని అమ్మ పెట్టె సర్దుకుని మా ఇంటికొచ్చేసింది. ఐదు రోజులైంది. సమానత్వం మీద వ్యాసాలు రాసే నన్ను పట్టుకుని, "ముందు సీటు కోసం ఏడ్చేవాడివి. ఒక్కనాడైనా దిగి తోశావట్రా?" అంటోంది. అందుకే మీకు రాస్తున్నాను.

నా డిమాండ్లు:

ఒకటి, మీవాళ్ళు కారు తోసిన దృశ్యాన్ని వచ్చే ఆదివారం పూర్తిగా చూపించాలి.

రెండు, ఇన్నేళ్ళూ తోసింది మా అమ్మేనని మీ నోటితో చెప్పాలి.

మూడు, మళ్ళీ షూటింగు పెట్టాలి. స్టీరింగు దగ్గర అమ్మ కూర్చుంటుంది, నాన్న తోస్తారు.

నాలుగు, నాన్న పక్కన నేనూ తోస్తున్నట్టు కనబడాలి. ఇది అమ్మ పెట్టిన షరతు.