ఇస్త్రీ పెట్టెకి ఇరవై సాయంత్రాలు

1వ తేదీ, ఉదయం 5:50

ఇంకా టీ కూడా తాగలేదు. అయినా ముందు ఇది రాసెయ్యాలి. ఇవాళ్టి నుంచి ఇరవై రోజులు, రోజుకో రాత్రి ఫోటో! చీకటి పడ్డ ఊరిని తీస్తాను. ఇరవయ్యో రోజున ఇస్త్రీ పెట్టెని తీస్తాను.

కారణం నాన్న. నాన్న ముప్ఫై ఏళ్ళు నియాన్ బోర్డులు చేశాడు. గాజు గొట్టాన్ని మంట మీద తిప్పడం, మెత్తబడగానే నోటితో ఊదుతూ ఒంచడం, చల్లారేలోపు అక్షరం చెయ్యడం. ఒకప్పుడు ఈ ఊళ్ళో సగం దుకాణాల మీద ఆయన బోర్డులే వెలిగేవి. ఒక్కొక్కటే దిగిపోయాయి. ఇప్పుడు మిగిలింది ఒక్కటే, మా షాపు వెనక వీధిలో లాండ్రీ మీద ఉన్న ఇస్త్రీ పెట్టె. పెట్టె ఎరుపు. దాని మీద మూడు నీలం ఆవిరి తీగలు, ఒకటి, రెండు, మూడు అంటూ వరసగా వెలుగుతాయి. దాన్ని కూడా 21న దించేస్తున్నారట. లాండ్రీ ఆయనే చెప్పాడు.

రాత్రి భోజనాల దగ్గర నాన్న అన్నాడు, "ఇన్ని బోర్డులు చేశానా, ఒక్కదానికీ ఫోటో లేదు." మామూలుగానే అన్నాడు. నా నోరు ఊరుకుంటుందా? "నేనున్నాను కదా నాన్నా, ఫోటోగ్రాఫర్ని!" అని డాబు కొట్టేశాను. మా ఆయన తినడం ఆపి నన్ను ఎగాదిగా చూశాడు.

ఫోటోగ్రాఫర్నే మరి. పాస్‌పోర్టు ఫోటోలు. తెల్ల తెర, ఒక స్టూలు, రెండు లైట్లు, "గడ్డం కొంచెం పైకి." పదకొండేళ్ళుగా అదే పని. షాపు నాకు అప్పజెప్పిన పెద్దాయన కెమెరాలో అన్నీ తనే సెట్ చేసి, డయల్ కదలకుండా ప్లాస్టర్ అంటించి, "దీని జోలికి పోకమ్మా" అని చెప్పి వెళ్ళాడు. పోలేదు. పదకొండేళ్ళు! ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు.

నియమాలు:
ఐఎస్ఓ (కెమెరా వెలుగుని లాక్కునే నంబరు, పెంచితే ఫోటో నిండా చుక్కలు) వంద. దాటకూడదు.
ట్రైపాడ్ లేకుండా గడప దాటకూడదు.
బటన్ వేలితో నొక్కకూడదు, రెండు సెకన్ల టైమర్ పెట్టాలి.
సాకులు చెప్పకూడదు.

1వ తేదీ, రాత్రి 9:15

ప్లాస్టర్ పీకేశాను. గోరు విరిగింది. ఎంత స్వేచ్ఛగా ఉందో! డయల్ అటు తిప్పాను, ఇటు తిప్పాను, మెనూలో దొరికిన ప్రతిదీ నొక్కాను. కిటికీలోంచి వీధి దీపం తీశాను. పచ్చగా, అరటికాయలా వచ్చింది. ఫర్వాలేదు, మొదటి రోజు!

2వ తేదీ, మధ్యాహ్నం 12:30

కొంప మునిగింది.

రాత్రి తిప్పినవి వెనక్కి తిప్పడం మర్చిపోయాను. పొద్దున్నే తొమ్మిదిమందికి ఫోటోలు తీసి, చూసుకోకుండా ప్రింటు కొట్టి, కవర్లో పెట్టి ఇచ్చేశాను. ఐఎస్ఓ ఆరువేల నాలుగు వందలు! పైగా రంగుల సెట్టింగు పసుపు బల్బు వెలుగుకి పెట్టే మోడ్‌లో ఉంది. తొమ్మిది మందీ నీళ్ళలోంచి తీసిన శవాల్లా నీలంగా ఉన్నారు. ఒకావిడ తిరిగొచ్చి, "నాకు ఒంట్లో ఏమైనా బాగాలేదా?" అని భయంభయంగా అడిగింది. లేదమ్మా, బాగాలేనిది నాకే.

అందరికీ మళ్ళీ తీశాను. పెద్దాయన పెట్టిన నంబర్లు గుర్తులేక, గోడకున్న పాత ఫోటోలు చూస్తూ అందాజాగా పెట్టుకున్నాను. తలప్రాణం తోకకొచ్చింది.

3వ తేదీ, రాత్రి 8:00

బస్టాండు దగ్గర. ట్రైపాడ్ తెచ్చాను. కెమెరా తెచ్చాను. కెమెరా అడుగున బిగించే చదరపు ముక్క మాత్రం షాపులోనే ఉంది. అది లేకపోతే ట్రైపాడ్ వట్టి మూడు కాళ్ళ కర్ర. చెత్తకుండీ మీద కెమెరా పెట్టి తీశాను. వాసన భరించగలిగితే చెత్తకుండీ చాలా మంచి ట్రైపాడ్.

4వ తేదీ, సాయంత్రం 7:10

ఇవాళ ఒక పెద్ద సంగతి తెలిసింది. రాత్రి ఫోటో రాత్రి తియ్యకూడదు! పూర్తిగా చీకటి పడితే బోర్డు తెల్లగా మండిపోతుంది, చుట్టూ ఉన్న గోడ బొగ్గు అయిపోతుంది. పొద్దు గుంకిన పావుగంటకి ఆకాశం సిరా రంగుకి తిరుగుతుంది చూడండి, అప్పుడు తియ్యాలి. ఆకాశం వెలుగూ, బోర్డు వెలుగూ సరితూగుతాయి. మొత్తం ఇరవై నిమిషాలు. అంతే.

షాపు కాసేపు మూసేసి ఇస్త్రీ పెట్టె దగ్గరికి పరిగెత్తాను. అబ్బ! సరిగ్గా ఆ నీలం. ఎర్ర పెట్టె గోడ మీద తేలుతోంది. ఒకటి, రెండు, మూడు. ట్రైపాడ్ ఉంది, చదరపు ముక్క కూడా ఉంది. లాండ్రీ ఆయన బయటికొచ్చి, "తియ్యండమ్మా, లోపల ట్యూబులైట్ ఆపమంటారా?" అన్నాడు పాపం.

తియ్యలేదు. ఇంకా చెయ్యి తిరగలేదు కదా. కెమెరా కన్ను ఎన్ని సెకన్లు తెరిచి ఉంచాలో తెలీదు. తక్కువ పెడితే ఒక్క ఆవిరే పడుతుంది, ఎక్కువ పెడితే మూడూ కలిసిపోతాయి. నాన్న బోర్డు మీద ప్రయోగాలు చేస్తానా? నేర్చుకుని, దర్జాగా, ఇరవయ్యో తారీఖున తీస్తాను.

ఇంటికి రాగానే నాన్న అడిగాడు, "తీశావా అమ్మడూ?"

"ఇంకా నేర్చుకోవాలి నాన్నా."

"ఊఁ" అన్నాడు.

5వ తేదీ, సాయంత్రం 7:30

గెలిచాను!!! వంతెన మీంచి ట్రాఫిక్. ఐఎస్ఓ వంద, లెన్సు రంధ్రం చిన్నగా ఎఫ్ పదకొండు, ఎనిమిది సెకన్లు. కార్ల దీపాలు ఎర్ర రిబ్బన్లలా సాగిపోయాయి. గంతులేసుకుంటూ ఇంటికొచ్చి నాన్నకి చూపించాను.

"బస్సులేవీ?"

"వెళ్ళిపోయాయి నాన్నా. వాటి దీపాల గీతలే మిగులుతాయి. అదే గొప్ప."

"బస్సు ఉన్నప్పుడు తియ్యాల్సింది" అన్నాడు.

మా ఆయన నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయాడు. కళాకారుల ఇళ్ళల్లో ఇలాంటి మనుషులే ఉంటారు కాబోలు.

7వ తేదీ, రాత్రి 9:40

నిన్నటిది లేదు. ఇవాళ్టిదీ లేదు. కారణం ఉంది, ఇది సాకు కాదు. ఆ నీలం ఇరవై నిమిషాలే నా షాపుకి అసలు బేరం! ఆఫీసులు వదిలేది అప్పుడే. నేను "గడ్డం కొంచెం పైకి" అంటూనే ఉన్నాను, గుమ్మం బయట ఆకాశం నీలమై, ముదిరి, నల్లబడిపోయింది. ఒకాయన కళ్ళు మూసుకోకుండా ఒక్క ఫోటోకి నిలబడడానికి పధ్నాలుగు సార్లు పట్టింది. ఆయన్ని కొట్టాలనిపించింది.

8వ తేదీ

వాన. మినహాయింపు.

9వ తేదీ

వాన లేదు. కానీ రావచ్చనిపించింది.

10వ తేదీ, రాత్రి 10:00

వంటింటి కిటికీలోంచి కూడా ఊరు కనబడుతుంది కదా. ఎదురింటి మెట్ల దీపం తీశాను. ఐఎస్ఓ మూడు వేల రెండు వందలు. ట్రైపాడ్ అటక మీద ఉంది. వేలితోనే నొక్కాను. మొత్తం మినప్పిండి చల్లినట్టు చుక్కలు. తియ్యడమైతే తీశాను కదా.

12వ తేదీ, రాత్రి 9:00

నాన్న మళ్ళీ అడిగాడు. ఈసారి భోజనం మధ్యలో. "ఇస్త్రీ పెట్టె తీశావా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఎందుకు నాన్నా తొందర? ఇరవై దాకా ఉంది కదా! నీ బోర్డుని ఎలా పడితే అలా తియ్యమంటావా?"

నాన్న లేచాడు. పళ్ళెం తీసుకెళ్ళి తనే కడుక్కున్నాడు. మా ఆయన మెల్లగా, "షాపు ఓ గంట మూసుకోరాదూ, నేనొచ్చి ట్రైపాడ్ పట్టుకుంటా" అన్నాడు. "ట్రైపాడ్ పట్టుకుంటే ఇంక అది ట్రైపాడ్ ఎందుకండీ?" అని ఆయన మీద కూడా ఎగిరాను. తప్పు నాదే. రాసుకుంటున్నాను, పైకి మాత్రం చెప్పను.

13, 14, 15

చాలా రద్దీ. పరీక్షల దరఖాస్తుల సీజన్.

16వ తేదీ, మధ్యాహ్నం 1:00

ఇస్త్రీ పెట్టె లేదు.

పదకొండింటికి లాండ్రీ ఆయన ఫోన్ చేశాడు. "అమ్మా, క్రేను వాళ్ళకి వేరే చోట పని రద్దయిందట, ఇవాళే వచ్చేశారు. నేను ఆగమన్నా వినలేదు." స్టూలు మీద ఒకాయన గడ్డం పైకెత్తుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన్ని అలాగే వదిలేసి పరిగెత్తాను.

నేను వెళ్ళేసరికి గోడ మీద నాలుగు మేకులున్నాయి. దించుతుంటే తాడు జారిందట. పెట్టె ముక్కలు ముక్కలు. ఫుట్‌పాత్ అంతా గాజు పెంకులు. ఒక్క ఆవిరి తీగ మాత్రం విరగలేదు. లాండ్రీ ఆయన దాన్ని పాత దుప్పటిలో చుట్టి, పసిపిల్లని ఇచ్చినట్టు నా చేతుల్లో పెట్టాడు. పట్టపగలు నడి వీధిలో ఏడ్చేశాను.

16వ తేదీ, రాత్రి 11:30

నాన్నకి మొత్తం చెప్పేశాను. ప్లాస్టర్ సంగతి కూడా. పదకొండేళ్ళుగా ఒక్క బటనూ ముట్టుకోలేదనీ, నాకు ఏమీ రాదనీ, నాలుగో తారీఖున అన్నీ కుదిరి కూడా తియ్యలేదనీ.

నాన్న దుప్పటి విప్పి, తీగ రెండు కొసలూ వేలితో తడిమి చూశాడు.

"నాలుగున ఎందుకు తియ్యలేదు?"

"బాగా వచ్చేది కాదు నాన్నా."

"బాగా రాకపోయినా, ఉండేది కదే."

కోపంగా అనలేదు. కానీ ఓదార్చనూ లేదు. నాకు తిట్టినా బాగుండేదనిపించింది.

కాసేపటికి లేచి మంచం కిందనుంచి ట్రంకుపెట్టె లాగాడు. అందులో నియాన్ గొట్టాలు వెలిగించే ట్రాన్స్‌ఫార్మర్! అమ్మెయ్యమని నేను వందసార్లు పోరిన ట్రాన్స్‌ఫార్మరే. వైర్లు కలుపుతూ, "దూరంగా నిలబడు. మీ ఆయన్ని కూడా జరగమను. ముట్టుకున్నారంటే చస్తారు" అన్నాడు. మా ఆయన అప్పటికే గుమ్మం దాటేశాడు. స్విచ్ వేశాడు. తీగ రెండుసార్లు మినుకుమని, నీలంగా వెలిగింది. గదంతా నీలం.

నేను కెమెరా తెచ్చాను. ట్రైపాడ్ అటక మీదే ఉంది. కెమెరాని డబ్బాల మీద పెట్టాను. రెండు సెకన్లు. "నాన్నా, దాని పక్కన కూర్చో. గడ్డం కొంచెం పైకి. కదలకు!"

ఆయన కదలకుండా ఉంటాడా? "ఈ మెలిక చూశావా, ఇక్కడ ఊపిరి బిగబట్టి ఊదాలి, లేకపోతే గొట్టం నలిగిపోతుంది" అని చేతులూపుతూ చెబుతూనే ఉన్నాడు. ఫోటోలో ఆయన ముఖం మొత్తం చెరిగిపోయింది. తీగ మాత్రం గీత గీసినట్టు నిలబడింది. నేను చెరిపెయ్యబోతే నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉంచు. నాతో పనేముంది, ఆవిరి కుదిరింది."

17వ తేదీ, సాయంత్రం 5:15

ఆ ఫోటో ప్రింటు తీసి షాపు గోడకి తగిలించాను. రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన పింఛను కార్డుకి ఫోటో దిగడానికొచ్చాడు. స్టూలు మీద కూర్చుని ఫోటో వంకే చూస్తున్నాడు.

"ఇలాంటి లైటే ఒకటి ఉందమ్మా. రైలు గేటు దాటాక, తాళాలు బాగుచేసే కొట్టు మీద. పసుపు తాళంచెవి. మొన్న కూడా వెలుగుతోంది."

అక్కడే నాన్నకి ఫోన్ కొట్టాను. సంగతి చెప్పాను.

"పళ్ళు మూడున్నాయా? తాళంచెవికి?"

కండక్టరుని అడిగితే తలూపాడు. "మూడున్నాయట నాన్నా."

"నాదే! నాదేనే అది! ఇంకా ఉందా?" అని అరిచాడు. కండక్టరు గారికి కూడా వినబడింది.

18వ తేదీ, రాత్రి 8:45

ఐదున్నరకి షట్టర్ దించేశాను. బయట ముగ్గురున్నారు. ఒకాయన వాచీ చూపించాడు. "రేపు పొద్దున్న రండి" అని దండం పెట్టాను.

నేనూ నాన్నా బస్సెక్కాం. తాళంచెవి ఉంది. ఒక పన్ను మసకగా కొట్టుకుంటోంది, చివర దుమ్ము పట్టింది, అయినా వెలుగుతోంది. నాన్న రోడ్డు మధ్యలో నిలబడి చూస్తున్నాడు, వెనక లారీ హారన్ కొడుతున్నా జరగడే! చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగాను. తాళాల కొట్టాయనకి ఆ బోర్డు ఎలా పుట్టిందో మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన తాళం పని ఆపేసి విన్నాడు.

ఆకాశం సరిగ్గా సిరా రంగు. ట్రైపాడ్ ఇంకా అటక మీదే, కెమెరాని ఒక స్కూటర్ సీటు మీద పెట్టాను. ఎఫ్ ఎనిమిది, రెండు సెకన్లు, టైమర్. మొదటి ఫోటోలో లెన్సు మూత. రెండో దాంట్లో లారీ. మూడోది తీశాను. పెద్ద చేసి చూశాను. కొంచెం వణికింది.

"కుదిరిందా?" అన్నాడు నాన్న.

"లేదు నాన్నా. వణికింది."

"అయితే రేపు మళ్ళీ వద్దాం."

19వ తేదీ, ఉదయం 5:50

ఇవాళ కొత్తగా ఒకటో తారీఖు. మళ్ళీ ఇరవై రోజులు, రోజుకో ఫోటో, అన్నీ తాళంచెవివే. షాపు తలుపుకి అట్టముక్క తగిలిస్తున్నాను: సాయంత్రం ఐదున్నర నుంచి ఏడున్నర దాకా ఫోటోలు తీయబడవు. మా ఆయన చదివి, "ఫోటోగ్రాఫరు ఫోటోలు తియ్యడానికి వెళ్ళింది అని రాయరాదూ" అన్నాడు. ఐఎస్ఓ వంద. ట్రైపాడ్ అటక మీంచి దించాను, మూత జేబులో వేసుకోవాలని గుర్తు.

నిన్నటి వణికిన ఫోటో చెరపలేదు.