కార్డు చూడకుండా

వదినకు వందనాలు.

అన్నయ్యను చేర్చాలనుకుంటున్న నర్సింగ్‌హోమ్ సర్టిఫికెట్ల ఫొటోలు ఇంక పంపకు. అలాంటివి ఇక్కడ రియాద్‌లో మా ఆస్పత్రి గోడకీ ఉన్నాయి. విదేశీ ఉద్యోగుల మీద ప్రభుత్వానికి కట్టే లెవీ పెంచారని మా ఓనరు సగంమంది నర్సులను ఎగ్జిట్ వీసా కొట్టి వాళ్ల దేశాలకు పంపేశాడు. ఇంతమంది సౌదీలకు ఉద్యోగమివ్వాలనే నితాఖత్ లెక్క కోసం రాసిన సౌదీ నర్సుల పేర్లే ఉంటాయి, మనుషులు కనపడరు. తనిఖీ రోజు మాత్రం ఆయనదే మరో ఆస్పత్రి నుంచి వ్యానులో నర్సులు దిగుతారు. "ఈ పూటకి చుట్టాలొచ్చారక్కా" అంటుంది, నాతో పనిచేసే నర్సు బ్లెస్సీ.

అందుకే అక్కడ ఓనరును ఏమీ అడక్కు. ఆదివారం మధ్యాహ్నం చెప్పకుండా వెళ్లు. ఏదో ఒక మంచం దగ్గర ఆగి, ఈయన పేరేమిటని నర్సును అడుగు. మంచానికి వేలాడే కార్డు చూడకుండా చెబితే అన్నయ్యను చేర్చు.

ఇక్కడ నన్నెవరైనా అలా అడిగితే, నేను కార్డు చూడాల్సిందే.

నీ ఆడపడుచు